మెలమైన్ ఆకురాల్చే కాలం

పచ్చరంగు చూస్తే మనిషికి మనశ్శాంతి కలుగుతుందని పైన ఎవరికో తెలిసింది. ఎలా తెలిసిందో సర్క్యులర్లో రాయలేదు. జిల్లాలోని పఠన మందిరాల్లో ఉన్న బల్లలన్నిటికీ లేత పచ్చరంగు వెయ్యాలనీ, ఈ కార్యక్రమాన్ని ప్రశాంత వర్ణ పథకం అనాలనీ మాత్రం రాశారు. మా పఠన మందిరానికి వచ్చేవాళ్ళకి ప్రశాంతత ఇప్పటికే కాస్త ఎక్కువ. ఎండెక్కేసరికి సగం మంది పేపరు మొహం మీద కప్పుకుని నిద్రలో ఉంటారు. అయినా సర్క్యులర్ వచ్చాక ప్రశాంతంగా ఉంటే కుదరదు కదా.

నేనక్కడ కాంట్రాక్టు మీద సాంకేతిక సహాయకురాలిని. బీటెక్ కంప్యూటర్స్. అంటే మా ఆఫీసులో కరెంటుతో నడిచేవీ, ఇంగ్లీషు పేరున్నవీ అన్నీ నా శాఖే. ఫ్యాను తిరక్కపోతే నన్ను పిలుస్తారు. వేలిముద్రల మిషను ఎవరి వేలినైనా గుర్తుపట్టకపోతే నన్ను తిడతారు. అందుకని ఫైల్లో 'ప్రైమర్' అన్న మాట కనపడగానే ఆ ఫైలు తిన్నగా నా టేబుల్ మీదకొచ్చి కూర్చుంది.

బల్లలు ఖాళీ చేయిస్తుంటే అందరూ లేచి వెళ్ళిపోయారు, నజ్మా తప్ప. నజ్మా రోజూ తాళం తియ్యకముందే వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, మళ్ళీ తాళం వేసేదాకా చదివే అమ్మాయి. బస్టాండు వెనక ఒక్క గది ఇల్లు వాళ్ళది. ఆ ఇంట్లో బల్ల అంటూ ఉంటే అది వాళ్ళమ్మ కుట్టుమిషను బల్ల, అది పగలంతా టకటకలాడుతూనే ఉంటుంది. నజ్మా చదివేది మా సంస్థ ఉద్యోగానికే. పఠన మందిరాల సహాయక పర్యవేక్షకుల పోస్టులు చాలా ఏళ్ళకి పడ్డాయి. చీరల షాపులో పని మానేసి మరీ కూర్చుంది. ఈసారి రాకపోతే మళ్ళీ షాపుకెళ్ళి చీరలు మడతపెట్టడమే.

"ఎప్పుడు తెరుస్తారక్కా?" అని అడిగింది.

రెండ్రోజులు పడుతుందేమో అన్నాను. రంగుకి ముందు అడుగున వేసే ప్రైమర్ ఒక పూట, రంగు ఒక పూట, ఆరడానికి ఒక రోజు. అంతేగా అనుకున్నాను. బీటెక్ చదివినా లెక్కలు తప్పుతాయి.

మా సూపరింటెండెంటు పీసపాటి కామేశ్వర్రావు గారు మంచాయన. గొంతు పెంచరు, లంచం ఎరగరు, నిబంధనల పుస్తకం పక్కన లేకుండా టీ కూడా తాగరు. ఆయనకి నేను వివరంగా చెప్పాను. సార్, ఈ బల్లలు మెలమైన్వి. లోపల రంపప్పొట్టు నొక్కి చేసిన చెక్క, పైన నున్నటి ప్లాస్టిక్ తొడుగు లాంటిది. మామూలు ప్రైమర్ దాని మీద నిలవదు. ముందు ఉప్పు కాగితంతో రుద్ది గరుకు చెయ్యాలి, తర్వాత నున్నటి వాటిని కూడా పట్టుకునే బాండింగ్ ప్రైమర్ వెయ్యాలి, ఆ తర్వాతే రంగు.

ఆయన శ్రద్ధగా విని పుస్తకం తిరగేశారు. మా నిబంధనల్లో సామాను రెండే రకాలు. కర్ర, ఇనుము. కర్రకి కర్ర ప్రైమర్, ఇనుముకి ఇనుము ప్రైమర్. మెలమైన్ అనేది ఏ వర్గం కిందకి వస్తుందో ముందు తేల్చమన్నారు. రెండిటి కిందకీ రాదన్నాను. అలాంటి సామాను ప్రభుత్వంలో ఉండదన్నారు. ఎదురుగా ఉంది కదా సార్ అన్నాను. ఎదురుగా ఉండటం వేరు, ఉండటం వేరు అన్నారు.

మర్నాడు ఇంటి దగ్గర ఫ్రిజ్ తలుపు మీంచి మామిడిపండు బొమ్మ ఉన్న అయస్కాంతం ఒకటి పీక్కొచ్చారు. ఒక్కో బల్ల దగ్గరా వంగి, దాన్ని ఆనించి, వదిలి, కింద పడ్డాక తీసుకుని, పక్క బల్లకి వెళ్ళారు. చివరి బల్ల దగ్గర కూడా మామిడిపండు కిందే పడింది.

"అంటుకోలేదు. అంటే ఇనుము కాదు. ఇనుము కాకపోతే కర్ర."

అయస్కాంతం నాకూ అంటుకోదు కదా సార్ అన్నాను. ఆయన నిజంగానే కాసేపు ఆలోచించారు.

"నువ్వు సామాను కాదు కదమ్మా. కాంట్రాక్టు."

అలా బల్లలు కర్ర అయ్యాయి. కర్ర ప్రైమర్ వచ్చింది, వేశారు, తెల్లగా ముచ్చటగా ఆరింది. మర్నాడు కామేశ్వర్రావు గారు ఒక బల్ల మీద మోచెయ్యి ఆనించి, బాగుంది బాగుంది అని లేచారు. మోచేత్తో పాటు ప్రైమర్ కూడా లేచింది. దోసె పెనం మీంచి లేచినంత శుభ్రంగా, ఎక్కడా చిరక్కుండా. ఆయన ఆ తెల్ల తెరని చొక్కాకి వేలాడేసుకునే మధ్యాహ్నం దాకా ఆఫీసంతా తిరిగారు. సార్ ఏదో శాలువా కప్పుకున్నారనుకుని ఎవరూ అడగలేదు.

దీని మీద మీటింగు పెట్టారు. కర్ర మీద కర్ర ప్రైమర్ ఎందుకు నిలవలేదు అన్నది చర్చ. అది కర్ర కాదు కాబట్టి అన్నాను. ఆ విషయం అయస్కాంత పరీక్షలో తేలిపోయిందనీ, తేలినదాన్ని మళ్ళీ తిరగదోడితే మీటింగుకి అర్థం ఉండదనీ అన్నారు. పోనీ ఉప్పు కాగితంతో రుద్దనివ్వండి సార్ అన్నాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. కామేశ్వర్రావు గారు చాలా మెల్లిగా, ప్రభుత్వ ఆస్తిని గీకమంటున్నావా అమ్మా అని అడిగారు. గీకడం అనేది పుస్తకంలో నష్టపరచడం కింద ఉందట. రంగు వెయ్యొచ్చు, రంగు ఊడిపోవచ్చు, మళ్ళీ వెయ్యొచ్చు. గీకడానికి మాత్రం వీల్లేదు.

నాకు ఒళ్ళు మండింది. నా డబ్బుల్తోనే చిన్న డబ్బా బాండింగ్ ప్రైమర్ కొనుక్కొచ్చి, ఆదివారం తాళం తీయించుకుని, నజ్మా కూర్చునే కిటికీ పక్క బల్లని రుద్ది, దానికి వేసేశాను. సోమవారం పొద్దున గోరుతో గీరాను. రాలేదు. తాళంచెవితో గీరాను. రాలేదు. గర్వంగా సార్ని పిలిచి చూపించాను. ఆయన కూడా గీరారు, మెచ్చుకున్నట్టు తలూపారు, లోపలికెళ్ళి మెమో పంపారు.

అనుమతి లేకుండా అంటుకునే స్వభావము గల ప్రైమరును వాడి, తోటి బల్లల నడుమ అసమానతలు సృష్టించినందుకు గాను సంజాయిషీ ఇవ్వవలసినదిగా ఉత్తర్వు.

అన్ని బల్లలూ ఒకేలా ఊడుతుంటే అది సాంకేతిక సమస్య, ఒక్కటి ఊడకపోతే అది క్రమశిక్షణ సమస్య అని విడిగా కూడా వివరించారు. ఆ బల్లని స్టోర్ రూములో పెట్టి తాళం వేశారు. నజ్మా కిటికీ ఊచల్లోంచి తన బల్ల వెళ్ళిపోవడం చూసింది. నాకు ఆ పని చెయ్యకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

ఇంతలో మీటింగులో ఎవరో, కర్ర ప్రైమర్ ఉండొచ్చు గానీ ఏ కర్రకి ఏ ప్రైమరో తెలియాలి కదా అన్నారు. ఆ మాట కామేశ్వర్రావు గారికి తెగ నచ్చింది. చెట్టేదో తేలితే ప్రైమర్ అదే తేలుతుందని అటవీ శాఖకి ఉత్తరం రాశారు. కొన్నాళ్ళకి నాగభూషణం గారని ఒక రేంజి అధికారి జీపులో దిగారు.

ఆయన బల్ల చుట్టూ తిరిగారు. వేలితో కొట్టి చెవి ఆనించారు. వాసన చూశారు. కిందకి దూరి చూశారు. అంచు దగ్గర ఊడి వేలాడుతున్న ప్లాస్టిక్ పట్టీని పట్టుకుని లాగి, ఇది బెరడు అన్నారు. మూల విరిగిన చోట రాలుతున్న పొట్టు చూసి, మెత్త కలప అన్నారు. ఆకు ఎలా ఉంటుందని మమ్మల్నడిగారు. మేమెవరమూ చూడలేదన్నాం. ఆయన ఇబ్బంది నాకర్థమైంది. గుర్తుతెలియని కలప అని రాస్తే అదెక్కణ్ణించి వచ్చిందో విచారణ చెయ్యాలి. చేస్తే ఆయనే చెయ్యాలి. కాబట్టి గుర్తుపట్టేశారు.

"మీరు దీన్ని ఏమంటున్నారూ?"

మెలమైన్ అంటారు సార్, కానీ అది చెట్టు కాదు అన్నాను. నా వాక్యంలో మొదటి సగం రాసుకున్నారు. మెలమైన్, విదేశీ జాతి వృక్షం, మెత్త కలప, పలుచని బెరడు. అప్పుడే పక్క బల్ల మీంచి ఇంకో ప్రైమర్ పెచ్చు మెల్లిగా జారి నేల మీద పడింది. ఆయన దాన్ని తదేకంగా చూసి, చివర్లో ఇంకో ముక్క చేర్చారు. ఆకురాల్చు రకము.

నివేదిక అందాక ఆఫీసులో అందరి మొహాలూ తేటపడ్డాయి. ప్రైమర్ తప్పు కాదు, వేసినవాళ్ళ తప్పు కాదు, కొన్నవాళ్ళ తప్పు అసలే కాదు. అది చెట్టు స్వభావం. రాలే కాలంలో రాలుతుంది. ఆ కాలం పోయేదాకా ఆగి, అప్పుడు వెయ్యాలి. కామేశ్వర్రావు గారు స్వయంగా బోర్డు రాయించి తలుపుకి తగిలించారు. బల్లలు ఆకు రాల్చుచున్నవి. లోనికి ప్రవేశము లేదు.

నజ్మా ఆ బోర్డు చదివి, కింద మెట్ల మీద కూర్చుని పుస్తకం తెరిచింది. అప్పట్నించీ అదే ఆమె చోటు. పైన మా మీటింగు గది కిటికీ, కింద నజ్మా. మధ్యాహ్నం ఎండ మెట్ల మీదకొస్తే నీడతో పాటు జరిగేది. వానొస్తే పుస్తకాలు చున్నీలో చుట్టుకుని గోడకి అతుక్కునేది. పరీక్ష దగ్గరకొస్తోంది. ఇంటికెళ్తే మిషను చప్పుడు, ఇక్కడుంటే మా చప్పుడు. మా చప్పుడే నయమంది.

ఒక్క బల్ల బయటేయించండి సార్ అని అడిగాను. కలపని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలన్నారు. బల్లని గుమ్మం దాటించడానికి పర్మిటా అన్నాను. గుమ్మమైనా అడవైనా దాటడం దాటడమే అన్నారు. కానీ సాయంత్రం నేను కిందకి దిగేసరికి ఆయన అటూ ఇటూ చూసుకుంటూ, వెనక గదిలోంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోసుకొస్తున్నారు.

"కూర్చోమ్మా. ఇది కర్రా కాదు, ఇనుమూ కాదు. ప్రభుత్వం దృష్టిలో ఈ కుర్చీ లేదు. లేనిదాని మీద ఎవరు కూర్చున్నా నేను అడ్డు చెప్పలేను."

చెప్పాగా, మంచాయన.

అలా నజ్మా లేని కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదివింది. నేనూ ఆ పరీక్షకి కట్టాను. పర్మినెంటు ఉద్యోగం నాకు మాత్రం వద్దా. నేను మంచి గైడు కొనుక్కుని, ఇంట్లో ఫ్యాను కింద చదివాను.

ఈలోగా మొక్కల సంగతి వచ్చింది. కలప వాడే ప్రతి కార్యాలయం అదే జాతి మొక్కలు నాటాలని ఇంకో సర్క్యులర్. నర్సరీకి మెలమైన్ మొక్కలు కావాలని ఇండెంటు పెడితే వాళ్ళు స్టాకు లేదనకుండా కానుగ మొక్కలు పంపారు. వాటి మెడల్లో మెలమైన్ అని చీటీలు కట్టించాం. సంయుక్త సంచాలకులు గారు వచ్చారు. పెద్దాయన, ఏ విషయం మీదైనా మూడు నిమిషాల్లో ముందుమాట, ముప్పావుగంటలో అసలు మాట మాట్లాడగలరు. పార పుచ్చుకుని ఫొటో దిగాక మైకు అందుకున్నారు.

"మెలమైన్ మనకి ఏమి నేర్పుతోంది? పట్టుకోకుండా ఉండటం నేర్పుతోంది. తనపై వేసిన ప్రతి పూతనూ నిర్మోహంగా విడిచిపెడుతోంది. ఇట్టి వృక్షరాజమును మన సంస్థ గుర్తించి పెంపొందించడం మనందరికీ గర్వకారణము."

చప్పట్లు కొట్టారు. కామేశ్వర్రావు గారి కళ్ళు చెమర్చాయి. నేను కూడా రెండు చప్పట్లు కొట్టాను, మెమో ఇంకా మూసెయ్యలేదు కాబట్టి. నజ్మా తన కుర్చీలోంచి తలెత్తి చూసి, మళ్ళీ పుస్తకంలోకి వంగింది.

పరీక్ష రాశాం. పేపరు తేలిగ్గానే ఉంది. చివర్లో సంస్థ పరిజ్ఞానం అని ఒక విభాగం. అందులో ఒక ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. పఠన మందిరాల బల్లల తయారీకి ఉపయోగించు ఆకురాల్చు వృక్షమేది? టేకు, రావి, మెలమైన్, కొబ్బరి.

టేకు ఆకు రాలుస్తుంది. టేకుతో బల్లలు చేస్తారు. మెలమైన్ చెట్టు కాదు. ఈ మూడు నిజాలూ నాకు తెలుసు. ఎంత తెలుసంటే, వాటి కోసం మెమో కూడా తీసుకున్నాను. టేకు దగ్గర టిక్కు పెట్టి, తలెత్తుకుని బయటికొచ్చాను. గేటు దగ్గర నజ్మా కనపడితే ఆ ప్రశ్న చెప్పి పడీ పడీ నవ్వాను. తనూ నవ్వింది. ఏం పెట్టావని నేనడగలేదు, తను చెప్పలేదు.

కీ వచ్చింది. జవాబు మెలమైన్. మా జిల్లాకి ఉన్నది ఒక్క పోస్టు. నజ్మాకి నా కంటే ఒక్క మార్కు ఎక్కువ.

అభ్యంతరాలుంటే తెలపమన్నారు. తెలిపాను. మెలమైన్ వృక్షము కాదనుటకు ఆధారములు జతపరచలేదనీ, వృక్షమనుటకు అటవీ శాఖ నివేదిక, నాటిన మొక్కల ఫొటోలు ఉన్నవనీ జవాబొచ్చింది. నిజం చెప్పాలంటే నా దగ్గర ఫొటోలు లేవు. లేని చెట్టుని ఫొటో తియ్యొచ్చు గానీ, చెట్టు లేకపోవడాన్ని ఎలా తీస్తాం.

నజ్మా మా ఆఫీసులోనే చేరింది. నేనిప్పుడు ఆమె కింద పనిచేస్తాను. ఆఫీసులో మేడం అనాలి, బయట నజ్మా అనొచ్చు అని తనే చెప్పింది. కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ వాన్లో గోడకి అతుక్కున్న పిల్ల గుర్తొచ్చి, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చేరిన రోజునే బల్లల ఫైలు ఆమె ముందు పెట్టారు. పఠన మందిరం ఇంకా మూతబడే ఉంది. నేను పక్కనే నిలబడి, మేడం, ఇవి మెలమైన్, రుద్దకపోతే ఏ ప్రైమరూ నిలవదు, పుస్తకమేమో గీకడానికి ఒప్పుకోదు, ఇంతమందికి చెప్పాను ఎవరూ వినలేదు అని మొదలుపెట్టాను. నజ్మా వింటూనే రాయడం మొదలుపెట్టింది. పైకి చదువుతూ రాసింది.

"ఆకురాల్చు మెలమైన్ వృక్ష సంబంధిత బల్లలకు బెరడు శుద్ధి గావించి, పిదప ఒక పర్యాయము పోషక లేపనము పట్టించిన యెడల, రాలుట ఆగి పచ్చబడునని గౌరవపూర్వక మనవి."

బెరడు శుద్ధి ఎలా చేస్తారని కామేశ్వర్రావు గారు అడిగారు. ఉప్పు కాగితంతో సార్ అంది. పోషక లేపనం పేరు? బాండింగ్ ప్రైమర్ సార్ అంది. ఆయన పుస్తకం తిరగేశారు. బెరడు శుద్ధి మీద ఎక్కడా నిషేధం లేదు. చెట్లని బాగుచెయ్యడం మీద నిషేధం ఎందుకుంటుంది. పెన్ను తీసి సంతకం పెట్టేశారు. పెడుతూ నా వైపు చూసి, ఇంత చిన్న విషయం నువ్వు ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదమ్మా అన్నారు.

రుద్దారు, ప్రైమర్ వేశారు, రంగు వేశారు. స్టోర్ రూములో ఉన్న బల్లకి కూడా శిక్ష రద్దయి, అది మళ్ళీ కిటికీ పక్కకి వచ్చింది. ఒక్క పెచ్చు ఊడలేదు. కామేశ్వర్రావు గారు పచ్చటి బల్లల్ని చూసి పరవశించి, మెలమైన్ చిగురించినది అని పైకి నివేదిక పంపారు. తలుపు తెరిచిన రోజు జనం ఎప్పటిలానే వచ్చి, ఎప్పటిలానే పేపరు మొహాన కప్పుకున్నారు. కొత్తగా ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు గైడ్లు పట్టుకుని వచ్చారు. నజ్మా వాళ్ళని కిటికీ పక్కనే కూర్చోబెట్టింది.

సాయంత్రం బస్టాండు దాకా కలిసి నడిచాం. అప్పటిదాకా ఆపుకున్న ప్రశ్న అడిగేశాను. నువ్వు నిజంగా మెలమైన్ చెట్టనే అనుకున్నావా?

తను ఆగి నన్ను చూసింది. "మా ఇంట్లో కంచాలు మెలమైన్వే కదక్కా. చెట్టెలా అవుతుంది?"

మళ్ళీ నడక మొదలుపెట్టాం. రెండేళ్ళలో ఇంకో నోటిఫికేషన్ పడుతుందంటున్నారు, ఈసారి ఏ పుస్తకం చదవమంటావని అడిగాను. వేళాకోళానికే అడిగాను గానీ తను సీరియస్‌గానే ఆలోచించింది.

"పుస్తకాలు నీకు ఎక్కువే అయ్యాయక్కా. నేను మెట్ల మీద చేసిందే నువ్వూ చెయ్యి. ఈసారి మీటింగులో ఏం మాట్లాడకుండా కూర్చుని, వాళ్ళు చెప్పేది విను."